ముందు, తర్వాత

ఒక్క గుర్తు మూయడం మరిచిపోయేసరికి పేజీలో అక్షరాలన్నీ లావెక్కి కూర్చున్నాయి. ఎక్కడ మరిచాడో అని అతను తెర మీద వేలు పెట్టి వెతుకుతున్నాడు. వెబ్ పేజీలో ఏ గుర్తు తెరిచినా తిరిగి మూయాలన్నది మొదటి పాఠమే. కానీ మూయడం అతనికి పుట్టుకతోనే రాదు. సీసాలు, బీరువాలు, వాక్యాలు, ఏవి తెరిచినా తెరిచినట్టే ఉంటాయి. అతను రాతపని చేసిచ్చే అచ్చాఫీసు వాళ్లు, వాక్యానికి చుక్క పెట్టడని చూసే కామా అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది.

కిటికీ పక్కన కామా కుర్చీ కుంగిపోయి ఉంది. ప్లాస్టిక్ తీగల అల్లిక నడుమ జారి, ఊయలకు ఎక్కువ, గోతికి తక్కువ అన్నట్టు తయారైంది. ఎప్పుడో మరమ్మతుకు వచ్చి, తీసుకుపోయే దిక్కు లేక మిగిలిన కుర్చీ అది. అన్న పోయాక ఈ కుర్చీల మరమ్మతు కొట్టు వదిన చేతికి వచ్చింది. సామాను సర్దడానికి వచ్చిన కామా ఆ రోజు అలసి అందులో కూలబడ్డాడు. మళ్లీ మరో చోట కూర్చున్నది లేదు. కుర్చీలో కూర్చుని మాటలు కూర్చడమే అతని బతుకుతెరువు. పొయ్యి ఎలా వెలిగించాలో, దగ్గుమందు ఎలా తాగాలో, వీడ్కోలు సభలో ఎక్కడ గొంతు పూడుకుపోవాలో, అడిగినవాళ్లకల్లా రాసిచ్చాడు. ఎక్కడా అతని పేరు ఉండదు.

వదిన పీట మీద కూర్చుని ఓ చట్రానికి తీగ బిగిస్తోంది. బొటనవేలికి గుడ్డపట్టీ, పళ్ల మధ్య తీగ కొస.

“వల వేస్తానన్నావు. చేప పడిందా మరిదీ?” అంది, కొస తీసి.

“పడుతుంది వదినా. నీళ్లు కాస్త అలవాటు కావాలిగా.”

“చేపకా, నీకా?”

రోడ్డు మళ్లించాక కొట్టు గుమ్మం తొక్కేవాళ్లు తగ్గిపోయారు. పక్కనున్న మందుల షాపాయన ఈ గది తనకు ఇమ్మంటున్నాడు. సాయంత్రానికి ఏ సంగతో చెబుతానంది వదిన. ఈలోగా పని రాకపోతే తాళంచెవి ఇచ్చెయ్యడమే. అందుకే కామా ఈ వయసులో ఫోనులో పాఠాలు విని కొట్టుకో పేజీ కట్టాడు. నిన్న దాన్ని లోకం మీదికి వదిలాడు. ఇవాళ తప్పులు దిద్దుతున్నాడు.

“మూసేస్తే ఏం చేస్తావు వదినా?”

“ఇంట్లో కూర్చుని నీ రాతలు వినాలి. నా భయమంతా అదే.”

“నువ్వూ అల్లేదానివే, నేనూ అల్లేవాణ్నే.”

“నా అల్లిక మీద మనిషి కూర్చుంటాడు. నీ అల్లిక మీద ఈగైనా వాలదు.”

కామా నవ్వాడు. నవ్వుతూనే ఎడమ భుజం రుద్దుకున్నాడు.

పేజీ నెత్తిన రెండు గళ్లు కట్టాడు. ఎడమ గడి మీద ‘ముందు’, కుడి గడి మీద ‘తర్వాత’. ముందు కింద తన కుర్చీ ఫోటో పెట్టాడు, కుంగింది కుంగినట్టే. దాన్ని అల్లించి కుడివైపు పెట్టాలి. అల్లాలంటే అతను లేవాలి. లేస్తే పేజీ ఎవరు కడతారు? కుడి గడి తెల్లగా ఉండిపోయింది.

వదిన లేచి వచ్చి తొంగిచూసింది. “పాడైనదొక్కటే పెట్టావేమయ్యా? పాడుచేసేది మనమే అనుకోరూ?”

“తర్వాతది తర్వాత.”

“నువ్వు లేస్తే కదా.”

మధ్యాహ్నం దాటాక ఫోను మోగింది. చేతిలో తీగ ఉండి వదిన స్పీకరు నొక్కింది. ఎవరో ఆడమనిషి.

“మీ పేజీలో కుర్చీ అచ్చం మా నాన్నదేనండీ. అక్కడే కుంగింది. పారేద్దామంటే ఆయన లేవరు. బాగుచేస్తారా?”

“తీసుకురండి, చూద్దాం.”

కామా కళ్లు మూసుకునే, “చేప,” అన్నాడు.

కాసేపటికి ఒక హోటలు మేనేజరు. “మా కుర్చీలన్నీ అలాగే ఉన్నాయమ్మా. మావాళ్లయితే మన హోటల్లో ఫోటో ఎవరు తీశారని అడుగుతున్నారు. బండిలో పంపిస్తాను.”

సాయంత్రం మందుల షాపాయన గుమ్మంలో నిలబడ్డాడు. వదిన తల ఎత్తలేదు.

“గది ఇవ్వడం కుదరదండీ. పని పడింది.”

ఆయన మంచిదేనంటూ వెళ్లిపోయాడు. వదిన కొత్త తీగచుట్ట తెచ్చుకుంది.

“విన్నావా మరిదీ? ఇక లే. నీది అల్లేస్తాను, ఆ ఖాళీ నింపుకుందువుగాని.”

కామా పలకలేదు. తల పక్కకు వాలి ఉంది. ఈ వేళప్పుడు అతను కునుకు తీస్తుంటాడు కనుక ఆమె చుట్ట సగం దాకా విప్పుతూ కూర్చుంది. ఆ తర్వాత వెళ్లి చేయి పట్టుకుంది. చల్లగా ఉంది. ఆమె కేకకు మందుల షాపాయన వెనక్కి వచ్చి, మణికట్టు పట్టుకు చూసి, ఆ చేతిని మెల్లగా కామా ఒళ్లోకి దించాడు.

కర్మలు అయ్యాక హోటలు కుర్చీలు వచ్చాయి. వదిన వాటిని ఒక్కొక్కటే అల్లుతోంది. పేజీలో అక్షరాలు ఇంకా లావుగానే ఉన్నాయి, కుడి గడి ఖాళీగానే ఉంది. కుర్చీలు దించడానికి వచ్చినతను కిటికీ వైపు చూపించి, “అదీ మరమ్మతుకేనా అమ్మా?” అన్నాడు.

“అది కాదులే,” అంది వదిన.

కిటికీ పక్కన కుర్చీ ఉంది. మీద బరువు లేకపోయినా దాని తీగలు పైకి లేవలేదు.