సాళ్ల మధ్య గడ్డి

పొగమంచు ఇంకా విడలేదు. ఒదెత్ మోకాళ్ల కింద గోనెపట్టా వేసుకుని, ముడులు తేలిన ద్రాక్ష మొదలును ఒక చేత్తో పట్టుకుని నిరుటి తీగలు కత్తిరిస్తోంది. కత్తెర ఒరుసుకునే చోట అరచేయి చెప్పుతోలులా గట్టిపడింది. కోసిన తీగను అక్కడే వదిలేస్తుంది; అది కుళ్లి ఆ మొక్కకే ఎరువవుతుంది. సాళ్ల మధ్య చీలమండలు మునిగే గడ్డి, అక్కడక్కడా నీలిపూలు. మేస్తూ మేస్తూ గొర్రెలు ఆమె వెనకే వస్తున్నాయి.

ఒకప్పుడు ఈ జూరా కొండవాలులో గడ్డిపరక మొలవనిచ్చేవాడు కాదు ఆమె భర్త అన్సెల్మ్. వీపుకు డబ్బా తగిలించుకుని, మూతికి గుడ్డయినా లేకుండా గడ్డిమందు కొట్టేవాడు. నేల అద్దంలా ఉందని పెద్ద యజమాని మెచ్చుకున్న రోజు ఇంటికొచ్చి పదేపదే చెప్పుకునేవాడు. ఇప్పుడతని చేతులు గ్లాసు కూడా నిలవనంతగా వణుకుతాయి. ఆ మందు వల్లేనన్నాడు డాక్టరు. ఆ యజమాని పోయాక ఆయన కూతురు ఎలొడీ మందును తోట గడప తొక్కనివ్వలేదు.

మధ్యాహ్నం ఒదెత్ ఇంటికెళ్లి అతనికి బంగాళాదుంపల సూపు తాగించింది. గడ్డం మీద కారినదాన్ని తుడిచింది.

"గడ్డి బాగా మొలిచిందా?"

"మొలవకేం! నువ్వు చూశావంటే గుండాగి చస్తావు."

అన్సెల్మ్ నవ్వాడు. "ఒక్కసారి తీసుకెళ్లవే. చూస్తాను."

"ఈ బురదలోనా? నిన్ను మోసేదెవరయ్యా? కత్తిరింపు అయిపోనీ, ఆదివారం పోదాం."

"నీ ఆదివారాలు నాకు తెలీవూ?" అని అతను కిటికీ వైపు తిరిగాడు.

పొద్దువాలుతుండగా ఎలొడీ సాలు చివరికి వచ్చింది.

"ఇక చాలించండి ఒదెత్. ఆయనెలా ఉన్నారు?"

"తోట చూస్తాడట."

"రేపు నా బండిలో తీసుకొద్దాం." ఎలొడీ కాళ్ల కింది గడ్డి వైపు చూసింది. "మా నాన్న ఆయన చేత ఆ మందు కొట్టించి..."

"మీ నాన్నా ఆ గాలే పీల్చాడు కదమ్మా," అంటూ ఒదెత్ కత్తెర మూసి జేబులో వేసుకుంది.

ఇంట్లో దీపం లేదు. తలుపు పక్కన బల్ల మీద, గోడకు తలవాల్చి కూర్చుని ఉన్నాడు అన్సెల్మ్. కోటు వేసుకున్నాడు. బొత్తాలు ఒక కన్నం బదులు ఇంకో కన్నంలో పడ్డాయి. పిలిచింది. చెంప ముట్టుకుంది. చల్లగా తగిలింది.

ఒదెత్ పక్కన కూర్చుని, తప్పుగా పడ్డ బొత్తాలు విప్పి, ఒక్కొక్కటే సరిగ్గా పెట్టింది. అతని ఎడమకాలికి బూటు ఉంది. ముడి కూడా పడింది. రెండోది నేలమీద ఉంది. దాని తాడు కొన్ని కన్నాలు దూరి, ఆపైన దారి దొరక్క పక్కకు వాలిపోయి ఉంది.