లారీ కింద ఎర్ర మరక

వాకిలి ఊడుస్తున్న కోడలు చీపురు అక్కడే పడేసి లోపలికి పరుగెత్తింది.

"ఏవండీ, మన లారీ కింద రక్తంలా ఏదో కారింది!"

మొగుడు మంచం మీద ఉన్నాడు. క్యాబిను మెట్టు మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నప్పటి నుంచీ మోకాలి దాకా కట్టుతో, ముక్కు మీద కోపంతో అక్కడే ఉంటున్నాడు. ఎంతోమందిని బతిమాలి చివరికి తన బదులు తోలడానికి ఒక డ్రైవరును కుదుర్చుకున్నాడు. తెల్లారితే అతను వచ్చి బండి తీసుకెళ్ళాలి.

"రక్తమేంటే నీ మొహం! వేలికి అంటించుకుని పట్రా."

ఆమె వేలు చూపిస్తే వాసన చూశాడు. "స్టీరింగు ఆయిలు. ఇది కారిపోతే స్టీరింగు తిప్పలేక ఆ డ్రైవరు భుజాలు ఊడొస్తాయి. మేస్త్రీకి ఫోను చేస్తానుండు."

మేస్త్రీ పెళ్ళికని ఊరెళ్ళాడు. ఇంకో మేస్త్రీ అసలు ఫోనే ఎత్తలేదు.

"అయితే నువ్వే కిందకి దూరు," అన్నాడు.

"నేనా?"

లారీ గురించి ఆమెకు తెలిసిందల్లా ఒక్కటే. అది వీధి మలుపులో హారను కొడితే పొయ్యి మీద ఎసరు పెట్టాలి. అంతకుమించి ఆమె దాన్ని తాకింది కూడా లేదు. అయినా చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, పాత అట్ట పరుచుకుని, వెల్లకిలా లారీ కిందికి జరిగింది. పైన పేగుల్లా అల్లుకున్న పైపులు, మట్టి, జిడ్డు. ఏది ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో అంతుపట్టలేదు. ఎక్కడ చెయ్యి పెట్టినా తడే.

కిటికీలోంచి మొగుడు అరుస్తున్నాడు గానీ, వీధిలో బళ్ళ రొదకి ఒక్క ముక్కా వినపడటం లేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అతని చేతిలోనే ఉంది. దాంతో అత్త మధ్యవర్తి అయింది. ఆవిడకి నడక చురుకే, చెవులే అంతంత మాత్రం.

"అమ్మాయ్, చక్రం పక్కన ఇనప పెట్టె ఉందట. దానికున్న నట్టు తిప్పి చూడమంటున్నాడు."

"ఎటు తిప్పాలట అత్తయ్యా?"

అత్త వెళ్ళి వచ్చింది. "కుడికట."

"కింద పడుకుంటే కుడి ఎటవుతుంది?"

అత్త తన కుడిచెయ్యి ఎత్తి చూసుకుని, "నన్నడుగుతావేమే!" అంది.

కోడలు పానా వేసి తోచిన వైపు తిప్పింది. నూనె బుస్సున వచ్చి నుదుటి మీద పడింది. కెవ్వుమని అరిచి, గబగబా వెనక్కి తిప్పి బిగించింది. మొహం తుడుచుకుంటూ లోపలికెళ్ళి, "మీరు చెప్పినట్టే తిప్పాను!" అంది.

"తిప్పమని ఎవడన్నాడు? కుడి పక్కన తుడిచి చూడమన్నాను!"

ఇద్దరూ ముసలావిడ వైపు చూశారు. "తుడిచీ, తిప్పీ... రెండూ ఒకలాగే వినపడ్డాయిరా," అందావిడ.

కోడలు డీజిలు గుడ్డతో ఆ పెట్టెనీ, చుట్టూ ఉన్న ఇనుమునీ మెరిసేదాకా తుడిచింది. ఇప్పుడు తడి ఎక్కణ్ణుంచి వస్తుందో ఎలా తెలుస్తుంది? ఎండాకాలం మెడకి రాసుకున్న పౌడరు చెమట దారినే చారలు కట్టడం గుర్తొచ్చింది. పౌడరు డబ్బా తెచ్చి పెట్టె మీదా, పైపుల మీదా చల్లి, లోపలికెళ్ళి చెప్పింది.

"ఇంజను నడిస్తేగానీ గట్టిగా కారదు. గేరు న్యూట్రల్లో ఉందో లేదో చూసి తాళం తిప్పు," అన్నాడు మొగుడు.

ఆమె డ్రైవరు సీట్లో కూర్చుని గేరు అటూ ఇటూ కదిపి చూసింది. తాళం తిప్పగానే సీటుతో పాటు ఒళ్ళంతా అదిరింది. స్టీరింగు అటూ ఇటూ తిప్పింది. భయం వేస్తోందో బాగుందో ఆమెకే తెలియలేదు. ఇంజను ఆపి దిగి చూసింది. పెట్టె కింది నట్టు పొడిగా, తెల్లగా ఉంది. పెట్టె మీదికి మాత్రం పైనుంచి ఒక ఎర్ర గీత దిగుతోంది. ఆ గీత వెంటే చూపు పైకి పోనిచ్చింది. క్యాబిను ముందున్న రేకు తలుపు ఎత్తితే నూనె డబ్బా, దానికి తగిలించిన రబ్బరు పైపు, పైపు మూతి దగ్గర చిన్న పగులు కనిపించాయి.

"పైన కారి కింద పడుతోందండీ!" అంది లోపలికి వచ్చి.

"పైన ఏముందే కారడానికి? స్టీరింగు పెట్టే పోయింది."

"పెట్టె పొడిగానే ఉంది మరి."

"అదెలా కుదురుతుంది?"

"నాకేం తెలుసు? మీరే వచ్చి చూడండి."

అతను చంకకర్రల మీద, తల్లి భుజం ఆసరాతో, ప్రతి అడుక్కీ మూలుగుతూ వచ్చాడు. గీతని పైనుంచి కిందికీ కింద నుంచి పైకీ చూశాడు. "ఇన్నేళ్ళు దీన్ని తోలి..." అని ఆగిపోయాడు. తరవాత గొంతు తగ్గించి, "కింద బేసిను పెట్టు. క్లిప్పు వదులు చేసి పైపు లాగు. పగిలినంత మేర కోసేసి, మిగిలింది మళ్ళీ ఎక్కించి బిగించు. ఈసారి నేనే చూపిస్తా ఎటు తిప్పాలో," అన్నాడు.

ఆమె పైపు కోసింది, ఎక్కించింది, క్లిప్పు బిగించింది. కొత్త నూనె పోసి, ఇంజను తిప్పి, స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పింది. డబ్బాలో బుడగలు ఆగాక ఇంకొంచెం నూనె పోసింది. కింద పరిచిన కొత్త అట్ట సాయంత్రం దాకా పొడిగానే ఉంది. అయినా నమ్మకం కుదరక మొగుడు పడుకోబోయే ముందు కూడా దాన్ని తెప్పించుకుని తడిమి చూశాడు.

పొద్దున్న డ్రైవరు వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, నూనె మరక చూసి, "ఏం పోయింది బండికి?" అనడిగాడు.

"పెట్టె అనుకున్నాం," అన్నాడు మొగుడు.

"నట్టు," అంది అత్త.

"పైపు," అంది కోడలు.

డ్రైవరు ముగ్గురి మొహాలూ చూశాడు. సంచి కింద పెట్టి, "ఒక్కళ్ళే చెప్పండి బాబూ," అన్నాడు.

కోడలు చేతులు కొంగుకి తుడుచుకుని ముందుకొచ్చింది.