ఎవరూ కాదనలేదు

ఉత్తర స్వీడన్‌లోని మా చిన్న ఊరి మున్సిపల్ ఆఫీసులో అందరం అందరినీ పేరు పెట్టే పిలుస్తాం. డైరెక్టర్ తోర్కెల్ కూడా తాగిన కప్పు తనే కడుక్కుంటాడు. అందుకని మాలో పెద్దా చిన్నా లేదనే నమ్మాను.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదట. నాన్న కలప కోసే మిల్లులో పనిచేశాడు. "పనివేళలో కూర్చుని కబుర్లాడకు" అని ఒకటే పాఠం ఆయనది. తొమ్మిదిన్నరకి, మళ్ళీ మూడింటికి అందరూ కాఫీకి లేస్తే నేను మాత్రం కుర్చీ వదిలేదాన్ని కాదు.

"ఇల్వా, బన్ను నిన్నేం కరవదు, రా," అనేది గున్వోర్.

"నా వాటా కూడా నువ్వే తినెయ్."

యాభై ఎనిమిదేళ్ళ గున్వోరే నాకు పని నేర్పింది. ఊళ్ళో నీటిగొట్టాల పటాలన్నీ ఆమె దగ్గరే ఉంటాయి.

సెప్టెంబరులో ఆ పటాల పని బయటి కంపెనీకి ఇచ్చి, గున్వోర్ ఉద్యోగం తీసేద్దామన్న ప్రతిపాదన వచ్చింది. నేను మూడు వారాలు కష్టపడి నివేదిక రాశాను. చలికాలంలో గొట్టం పగిలితే ఏ వాల్వు మూయాలో ఆమె ఎన్ని నిమిషాల్లో చెప్పిందో తేదీలతో సహా పెట్టాను.

సమావేశంలో తొమ్మిదిమంది విన్నారు, తలలూపారు. "మంచి పని చేశావు, ఆలోచించాల్సిన విషయాలే," అన్నాడు తోర్కెల్. ఒక్కరూ కాదనలేదు.

పరుగున వెళ్ళి చెప్పాను. "గున్వోర్, నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు!"

"నిజంగానా? ఈమధ్య నేను కాఫీకి వెళ్తే వాళ్ళు మాట మార్చి వాన గురించి మాట్లాడుతున్నారు. చర్చి ఆఫీసువాళ్ళు సమాధుల రిజిస్టరు చూసే పని ఇస్తామన్నారు. శుక్రవారంలోగా చెప్పాలి."

"వద్దని చెప్పెయ్. ఎవరూ అడ్డు చెప్పలేదంటుంటే!"

కాసేపు నా మొహంలోకి చూసింది. "చదువుకున్నదానివి, నీకు తెలుస్తుందిలే," అని, చర్చి ఆఫీసుకి వద్దని చెప్పడానికి ఫోను అందుకుంది.

రెండు వారాలకి ఉత్తర్వు వచ్చింది. జనవరి నుంచి గున్వోర్ ఉద్యోగం లేదు.

తోర్కెల్ గదికి వెళ్ళాను. "ఎవరూ కాదనలేదుగా!"

"కాదనడానికేముంది, ఇల్వా? ఆగస్టులోనే కాఫీ దగ్గర అందరం అనుకుని తేల్చేసుకున్నాం. సమావేశంలో నలుగురి ముందు పేచీ పెట్టుకుంటే ఏం బాగుంటుంది? నువ్వు ముందే కాఫీకి వచ్చి నాతోనో, లెక్కలు చూసే బెంక్తాతోనో అనుంటే వేరే సంగతి. నువ్వెప్పుడూ రావు. మేమంటే నీకు చిన్నచూపేమో అనుకున్నాం," అన్నాడు. కోపంగా కాదు, నొచ్చుకున్నట్టుగా.

చర్చి ఆఫీసుకి నేనే ఫోన్ చేశాను. ఆ పనిలో సోమవారమే వేరే మనిషి చేరాడట.

అది కూడా గున్వోర్‌కి చెప్పక తప్పలేదు. ఆమె కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది. క్షమించమని అడగబోతుంటే ఆమే మొదలుపెట్టింది.

"ఉద్యోగం నిలబడిందని మా అక్కకి చెప్పేశాను," అంది. "పాపం, సంబరపడి కేకు కూడా చేసింది. ఇప్పుడు మళ్ళీ చెప్పాలి. కాసేపు ఇక్కడే కూర్చో."

పక్కన కూర్చున్నాను. ఫోనులో అవతల అక్క గొంతు పెద్దగా వినిపిస్తోంది, ఎవరు చెప్పారే నీకు ఆ మాట అని నిలదీస్తోంది.

గున్వోర్ నావైపు చూడలేదు.

"ఎవరూ చెప్పలేదక్కా," అంది. "నేనే తొందరపడ్డాను."