ముందు చక్రం తిరిగిన వైపు

ఫ్లాస్కులో వెన్న టీ పోసి మూత బిగిస్తుంటే అత్తగారు పొయ్యి దగ్గర్నుంచే అందుకుంది. "స్టీరింగు పట్టుకున్నంత మాత్రాన వంట మానేస్తావా? రాత్రికి థుక్పా ఎవరు చేస్తారు?"

"నేనే చేస్తాను అమా-లే. పిండి కలిపి పెట్టాను," అంది డిస్కిత్.

అతిథి గదిలో వెచ్చదనానికి బుఖారీ పొయ్యి రాజేసింది, నీళ్లు కాచింది, మేకల్ని దొడ్లోకి తోలింది. ఇక బండి నడపడం ఒక్కటే మిగిలింది. అదీ ఒక పనేనా! పక్క సీట్లో కూర్చుని కొండల్లో జంతువుల్ని కనిపెట్టి అతిథులకు చూపించడం పని. అది ఆమె మొగుడు నవాంగ్‌ది. మంచు చిరుత కనపడాలంటే నవాంగ్ కళ్లే కావాలని పుణె దాకా పేరు.

ఆ కళ్లు పోయి రెండేళ్లయింది. దగ్గరివి కనిపిస్తాయి. వంద అడుగులు దాటితే అంతా పాలు ఒలికినట్టే. ఇక బాగుపడవని లేహ్‌లో డాక్టరు చెప్పిన రోజు, తిరుగు బస్సులో ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. "ఎవరికీ చెప్పకు డిస్కిత్. కొండకి పనికిరానివాణ్ణంటారు." ఆమె చెప్పలేదు. ఎండిన ఏటి ఇసుకలో అతనే ఆమెకు బండి నేర్పాడు. ఊరు నవ్వితే "నవ్వనీ, నువ్వు క్లచ్ చూసుకో," అన్నాడు. ఎంత మొరటుగా గేరు లాగినా కసరలేదు. ఆ ఓపిక చూసి, పెళ్లయిన పదిహేనేళ్లకు ఆమె మళ్లీ అతన్ని ప్రేమించింది.

చిన్నప్పట్నుంచి మేకలు కాసిన కళ్లు ఆమెవి. అందుకే ఇద్దరూ ఓ ఏర్పాటు చేసుకున్నారు. జంతువు కంటపడగానే ఇంజిన్ వేడెక్కిందని ఆమె బండి ఆపుతుంది. ముందు చక్రాన్ని అటు తిప్పి ఉంచుతుంది. అతను దిగి, చక్రం ఎటుంటే అటు టెలిస్కోపు పెడతాడు. టీ గ్లాసు అందిస్తూ ఆమె లద్దాఖీలో గొణుగుతుంది: "ఎర్ర రాయి కింద, కొమ్ములవి రెండు." అతిథులు నవాంగ్ భుజం తడతారు. ఆమె గ్లాసులు కడుక్కుంటుంది.

ఆ సాయంత్రం వెనక సీట్లో పుణె ఫోటోగ్రాఫరు సాఠే. ఎండ వాలి గుట్టలు రాగి రంగుకు తిరిగాయి. ఆయన కిటికీలోంచి ఫోటోలు తీస్తూనే ఉన్నాడు. ఐబెక్సు కొండమేకల దగ్గర ఒకసారి, నీలి గొర్రెల దగ్గర రెండుసార్లు ఇంజిన్ వేడెక్కింది.

"నీళ్లు గడ్డకట్టే చలిలో మీ బండి ఇన్నిసార్లెలా వేడెక్కుతుందక్కా?" అని నవ్వాడు సాఠే.

నవాంగ్ కూడా నవ్వాడు. "ఆడవాళ్ల చేతి బండి కదా సార్. సగం పొద్దు ఆపడంతోనే సరి."

గుట్టు బయటపడకుండా అన్నాడని ఆమెకు తెలుసు. మాట నటనే, కానీ ఆ నవ్వు మాత్రం నిజం నవ్వు. ఎంత హాయిగా వచ్చిందో! రెండేళ్లు తన కళ్లు ఇచ్చింది, పేరు ఇచ్చింది, చివరికి చేతకానిదన్న మాట కూడా నెత్తిన పెట్టుకుంది. ఆ మాట తన కోసమే పడుతోందని అతను గుర్తుంచుకుంటాడనుకుంది. మర్చిపోయాడు. తను చెప్పిన అబద్ధాన్ని తనే నమ్మేశాడు.  అప్పుడే ఎదుటి కొండ చరియ మీద బూడిదరంగు రాయొకటి తోక కదిపింది.

బండి ఆపింది. చక్రం తిప్పలేదు.

నవాంగ్ దిగి, అలవాటుగా వంగి టైరు తడిమాడు. నిటారుగా ఉంది. రెండోసారి తడిమాడు. ముందు ఖాళీ రోడ్డు. టైరు మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. తలెత్తి ఆమె కోసం వెతికాడు. ఆ ముఖం నిండా బస్సులో ఏడ్చిన రోజు భయమే.

కోపమంతా ఎటుపోయిందో గానీ ఇక దాచకూడదన్న నిర్ణయం మాత్రం పోలేదు. ఆమె దిగింది. తనే టెలిస్కోపు నిలబెట్టి, సరిచేసి, సాఠేని చూడమంది. తర్వాత మొగుడి భుజం చుట్టూ చెయ్యి వేసి చెప్పడం మొదలుపెట్టింది. ఈసారి గొణగలేదు, సాఠేకి తెలిసేలా హిందీలోనే గట్టిగా చెప్పింది.

"చిరుత, నవాంగ్. ఆడది. తోక మూతి మీద కప్పుకుని పడుకుంది. ఎడమ చెవికి చిన్న గాటుంది. పక్కనే పిల్ల, అమ్మ తోకతో ఆడుతోంది."

సాఠే టెలిస్కోపులోంచి తలెత్తి ఆమెను, ఆమె పక్కన ఆకాశం వైపు చూస్తున్న నవాంగ్‌ని మార్చి మార్చి చూశాడు.

నవాంగ్ నీళ్లు నిండిన కళ్లు తుడుచుకోలేదు, దాచుకోలేదు. "రెండేళ్లయింది దాన్ని చూసి. ఇంకా చెప్పు," అన్నాడు.

చీకటి పడేదాకా ఆమె చెబుతూనే ఉంది. కెమెరా సర్దుకుంటూ సాఠే, "ఇంజిన్ చల్లారిందా అక్కా?" అన్నాడు.

డిస్కిత్ తలుపు తీసి స్టీరింగు ముందు కూర్చుంది.

"అది ఎప్పుడూ వేడెక్కలేదు సార్. నాకు కనబడ్డప్పుడల్లా ఆపాను."