రెండువందల పద్నాలుగో రాయి

ఫకృద్దీన్ మామను జీపు ఎక్కించినప్పుడు ఆయన చేతిలో ఇంకా తడిగుడ్డ ఉంది. దాన్ని ఏం చేయాలో ఆయనకు తోచలేదు. మా అమ్మ వైపు చాచాడు. అమ్మ ముందుకు రాలేదు. మ్యూజియం వరండాలో నిలబడ్డ ఆరుగురిలో ఒక్కరూ కదల్లేదు. చివరికి ఆయనే ఆ గుడ్డను పిండి, నాలుగు మడతలు పెట్టి, మెట్టు మీద ఉంచి, జీపు ఎక్కాడు.

నేను స్కూలు బ్యాగుతో గేటు పక్కనే ఉన్నాను. నేనూ కదల్లేదు.

ఇది మీరు ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరో, ఏ హాస్టల్ గదిలోనో కూర్చుని చదువుతూ ఉండవచ్చు. మాది పూతలపట్టు నుంచి లోపలికి వచ్చే దారిలో రాళ్లమిట్ట. ఊరి చివర రాష్ట్ర మ్యూజియాల్లో ఒకటి ఉంది. చిన్నది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు చుట్టుపక్కల పొలాల్లోంచి తీసిన వీరగల్లులు, శాసనాలు, కుండలు అందులో పెట్టారు. మా అమ్మ పంకజాక్షి అక్కడ ఊడ్చి తుడిచే కాంట్రాక్టు మనిషి. ఫకృద్దీన్ మామ ఇరవై రెండేళ్లుగా కాపలా మనిషి. ఆయన కూతురు షబ్రీన్, నేను ఒకే బెంచీ.

ప్రతి ఏప్రిల్‌లో తనిఖీ ఉంటుంది. రాష్ట్రంలోని మ్యూజియాలన్నిటిలో ఒకే వారంలో జరుగుతుంది. ఆ లెక్కలన్నీ పైన పాలకమండలికి వెళ్లి, అక్కడ ఏడాది నివేదికగా అచ్చవుతాయి. మా దగ్గర అది ఎలా జరుగుతుందంటే, అధికారి కుర్చీలో కూర్చుని రిజిస్టరు చూసి నంబరు చదువుతాడు. ఫకృద్దీన్ మామ హాలు మధ్యలో నిలబడి "ఉండాది" అంటాడు. అధికారి టిక్కు పెడతాడు. పైకప్పు ఎత్తు కాబట్టి ఆ మాట రాళ్లకు తగిలి మళ్లీ వినిపించేది. నాలుగువందల అరవై నంబర్లు ఒక్క పూటలో అయిపోయేవి. చివర ఆయన సంతకం.

ఇంకో అలవాటు కూడా ఉంది. అతికించడానికో కడగడానికో బయటికి పోయిన వస్తువును కూడా "ఉండాది" అనే అంటారు. మళ్లీ వచ్చేదే కదా అని. ఇరవై రెండేళ్ల ఆ అలవాటే ఆయన మెడకు చుట్టుకుంది.

రెండువందల పద్నాలుగో నంబరు ఒక వీరగల్లు. విల్లు పట్టుకున్న మనిషి, వెనక నాలుగు ఆవులు, పైన ఇద్దరు ఆడవాళ్లు. ఆవుల్ని తోలుకుపోయే వాళ్లకు అడ్డం నిలబడి చచ్చిపోయినవాడట. మా ఊళ్లో అందరూ ఆవులోడు అంటారు. పోయిన ఏడాది ఫిబ్రవరిలో గుణశేఖర్ సార్ వచ్చాడు. మా జిల్లా మ్యూజియాలకు ఆయనే పెద్ద అధికారి. కడిగించడానికి తీసుకుపోతున్నామని చెప్పాడు. మా అమ్మతో సహా ఆరుగురు దాన్ని మోసి లారీలో పెట్టారు. దాని స్థానంలో ఫైబర్‌తో చేసిన నకలు నిలబెట్టారు.

"ఊరికే ఖాళీగా కనపడకుండా, అంతే. వారంలో వచ్చేస్తాది" అన్నాడు సార్.

ఏప్రిల్‌లో ఆ నంబరు చదివినప్పుడు ఫకృద్దీన్ మామ ఒక్క క్షణం ఆగి సార్ ముఖం చూశాడట. సార్ తల ఊపాడట. "ఉండాది" అన్నాడు మామ.

నవంబరులో పాలకమండలి పంపిన ఫొటోల వాళ్లు వచ్చి, అది రాయి కాదని కనిపెట్టారు. అప్పుడు గుణశేఖర్ సార్ రిజిస్టరు తెరిచి, ఏప్రిల్‌లో ఉన్నట్టు ఫకృద్దీన్ సంతకం ఉందని చూపించాడు. ఉన్నది ఆయన కాపలాలోనే పోయింది కాబట్టి ఆయనే దొంగ అన్నాడు. లారీకి కాగితం లేదు. మోసినవాళ్లు నోరు తెరవలేదు. కాంట్రాక్టు ఏటేటా సార్ సంతకం పెడితేనే కొనసాగుతుంది. ఎవరి భయం వాళ్లది.

మూడు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టి పంపించారు. ఇంటికి వచ్చాక ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. వాకిట్లో మంచం మీద కూర్చుని, పట్టపగలే, ఎవరో నంబరు చదివినట్టు చెవి ఒగ్గి, "ఉండాది... ఉండాది" అనేవాడట. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆ మాట ఆగిపోయింది. వెళ్లి చూస్తే ప్రాణం లేదు.

మట్టి చేసిన రోజున లారీ డ్రైవర్ ఢిల్లీబాబు రేణిగుంట నుంచి వచ్చాడు. గోడ దగ్గర కూర్చుని ఏడ్చాడు. "దించింది నేనే గదప్పా. ఆడ కొత్తగా కట్టిన హోటల్ వాకిట్లో. ఆవులోడి మీద రంగు లైట్లు ఏసుండారు. నేనెవురికని సెప్పేది?"

ఆ తర్వాత షబ్రీన్ బడికి రాలేదు. దొంగ కూతురని ఎవరో అన్నారు. ఎవరన్నారో నాకు తెలుసు. అప్పుడూ నేను పక్కనే ఉన్నాను.

మెట్టు మీద ఆ గుడ్డ అలాగే ఉండిపోయింది. ఎండకు అట్ట కట్టింది. అమ్మ రోజూ దాని చుట్టూ ఊడ్చేది గానీ ముట్టేది కాదు. ఇంట్లో అన్నం తింటూ తింటూ ఆగిపోయేది.

"ఏంమా?"

"ఎవురో ఉండాది అన్నట్టుండ్లా?"

"ఎవురూ అనలేదుమా."

"నువ్వు తిను."

మార్చి నెలాఖరున గుణశేఖర్ సార్ టైపు చేసిన కాగితం పంపాడు. ఏప్రిల్ తనిఖీలో ఆరుగురూ దాని మీద సాక్షి సంతకాలు పెట్టాలి. 'రెండువందల పద్నాలుగు: కాపలా సిబ్బంది దొంగతనం వల్ల నష్టం. నిందితుడు మరణించినందున వ్యవహారం ముగిసింది.' ఆ రెండు వాక్యాలూ ఏడాది నివేదికలో అచ్చయితే ఫకృద్దీన్ మామ ఎప్పటికీ దొంగే.

మధ్యాహ్నం అన్నాల వేళ మ్యూజియం వెనక రేకుల షెడ్డులో అందరూ చేరారు. అమ్మకు క్యారియర్ ఇవ్వడానికి నేను వెళ్లాను.

"పెట్టేస్తే పోలా?" అన్నాడు చిన్నబ్బ. తోట పని చేస్తాడు. "పోయినోడు పోయినాడు. మనం పెట్టకపోతే తిరిగొస్తాడా?"

"నీ బిడ్డల మీద ఒట్టేసి సెప్పు సిన్నబ్బా. ఆ రాయి తల పక్క పట్టుకునింది ఎవురు?" అన్నాడు సుబ్బన్న. ఆయన టిక్కెట్లు ఇచ్చే మనిషి.

"నేనే. అయితే? నువ్వు కాళ్ల పక్క పట్టుకున్న్యావు. నువ్వు మాత్రం నవంబర్లో నోరు తెరిస్తివా?"

"లేదు. తెరవలే. అందుకే అన్నం దిగల్యా నాకు."

"ఓహో, అందుకేనా రెండు మార్లు పెట్టించుకునింది?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. షెడ్డు గుమ్మంలో ఫకృద్దీన్ మామ భార్య గౌసియా అత్త నిలబడి ఉంది. పక్కన షబ్రీన్. ఎప్పుడు వచ్చారో తెలియదు.

"ఆయన్ని దొంగ అని పుస్తకంలో రాస్తారంట గదా" అంది అత్త. గొంతు పెంచలేదు. "రాయండి. రాసే ముందర మీ ఆరుమందీ నా మొకం సూసి ఒక మాట అనండి. నా ఇంటాయన దొంగ అని. అంటే నేను ఎళ్లిపోతా."

ఎవరూ అనలేదు. చిన్నబ్బ చేతిలోని ముద్ద క్యారియర్ గిన్నెలోకి జారింది.

నేను రోజూ డైరీ రాస్తాను. మాట్లాడలేనివన్నీ అందులో రాసుకుంటాను. సార్ కాగితం వచ్చినప్పటి నుంచీ బ్యాగులో పెట్టుకు తిరుగుతున్న పోయిన ఏడాది నోటుబుక్కు తీసి అమ్మ చేతిలో పెట్టాను. అమ్మకు చదువు రాదు. సుబ్బన్నకు ఇచ్చింది. ఆయన దాన్ని నాకే తిరిగి ఇచ్చి "చదువు పాపా" అన్నాడు. నోరు తెరిచాను. 'ఫిబ్రవరి' దగ్గరే ఆగిపోయాను. షబ్రీన్ వచ్చి నా చేతిలోంచి లాక్కుని తనే చదివింది.

"ఫిబ్రవరి పదకొండు. ఈ రోజు ఆవులోడు లారీ ఎక్కాడు. అమ్మావాళ్లు ఆరుగురు మోశారు. రాయికి దెబ్బ తగలకూడదని ఫకృద్దీన్ మామ గోనెసంచులు పరిచాడు. కడిగి వారంలో పంపిస్తానని గుణశేఖర్ సార్ చెప్పాడు. లారీ కదిలేటప్పుడు మామ రాయిని తట్టి, పోయిరా నాయనా అన్నాడు."

షబ్రీన్ పుస్తకం మూసింది. నా వైపు చూసింది.

"నవంబర్లో యాడ పెట్టినావే దీన్ని?"

నేను పుస్తకం కోసం చెయ్యి చాచాను. ఇవ్వలేదు.

సుబ్బన్న లేచాడు. "ఆ పాపను అంటావేం తల్లీ. అది పుస్తకంలో దాచింది. మేం కడుపులో దాచినాం." తర్వాత మావాళ్ల వైపు తిరిగాడు. "ఆయప్పను సంపింది ఆ మాట. సూడకుండా ఉండాది అనే మాట. ఇంక మనం అనొద్దు. ప్రతిదానికీ సెయ్యి పెట్టాల. తిప్పి నంబరు సదవాల. ఉంటేనే ఉండాది. లేకుంటే లేదు. రూలు బుక్కులో కూడా అట్లే రాసుంది."

"అట్లయితే నెల పడతాది" అన్నాడు చిన్నబ్బ.

"పడనీ."

"మన ఒక్క మ్యూజియం చేస్తే మనల్ని పీకేసి ఇంకొకర్ని పెట్టుకుంటారు."

అమ్మ ఫోను తీసింది. వడమాలపేట పక్క ఉన్న మ్యూజియంలో పనిచేసే గ్రేసీ అక్కకు చేసి స్పీకర్ పెట్టింది. గ్రేసీ అక్క అంతా వింది.

"పంకజక్కా, మా గోడౌన్లో ఇరవై పెట్టెలుండాయి. నేను వచ్చి ఏడేండ్లయింది. ఒక్కటీ తెరిసింది సూళ్లేదు. అన్నిటికీ ఉండాదనే అంటాండా." అటు పక్క తలుపు మూసిన చప్పుడైంది. "నాకూ భయంగా ఉండాది. కానీ ఈసారి తెరిపిస్తా. ఇంకో మూడు మ్యూజియాల్లో మావాళ్లుండారు, వాళ్లకూ సెప్తా."

చిన్నబ్బ గిన్నె మూత పెట్టి చెయ్యి కడుక్కున్నాడు. "తల పక్క పట్టుకునింది నేనేనని సార్ ముందర నేనే సెప్తాలే" అన్నాడు.

ఏప్రిల్ రెండో వారం. గుణశేఖర్ సార్ కుర్చీలో కూర్చుని రిజిస్టరు తెరిచాడు. నాకు సెలవు. షబ్రీన్, నేను కిటికీ దగ్గర నిలబడ్డాం.

"ఒకటి" అన్నాడు సార్.

ఆరుగురూ తెలియకుండానే హాలు మధ్యలోకి చూశారు. ఆయన నిలబడే చోటు. అక్కడ గచ్చు కొంచెం అరిగి ఉంటుంది.

సుబ్బన్న కదిలాడు. ఒకటో రాయి దగ్గరికి పోయి, ఇంకో ఇద్దరి సాయంతో వెనక్కి తిప్పి, వంగి నంబరు చదివాడు. "ఒకటి. సెయ్యి పెట్టినాం. ఉండాది."

"ఏందిది? ఉన్న చోట నుంచే సెప్పు సాలు."

"రూలు సార్."

"రెండు."

మళ్లీ తిప్పారు. మధ్యాహ్నానికి పందొమ్మిది అయ్యాయి. అప్పటికి గౌసియా అత్త వెంట చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు వచ్చి వరండా నింపేశారు. ఎవరి పొలంలోంచి వచ్చిన రాయిని వాళ్లు వెతుక్కుంటున్నారు. ఒక ముసలామె ఒక రాయిని తడుముతూ "మా చేన్లోదే, ఈడ కూకున్న్యావా?" అని పలకరించింది.

సార్‌కు మిగతా మ్యూజియాల నుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి. నాలుగో ఫోను తర్వాత చెమట తుడుచుకున్నాడు. "ఏం ఆటలాడతాండారా మీరంతా? ఇరవయ్యో తేదీకి నివేదిక పైకి పోవాల. ఇట్లయితే ఎప్పటికవుతాది?"

"తొందరేముంది సార్, రాళ్లు యాడికీ నడిసిపోవు" అన్నాడు సుబ్బన్న. "పోయేది లారీలోనే గదా."

వరండాలో ఆడవాళ్లు గొల్లున నవ్వారు. సార్ పేజీలు గబగబా తిప్పాడు. టైపు చేసిన కాగితం బయటికి తీశాడు.

"మిగతావి తర్వాత. ముందు దీని మీద సంతకాలు పెట్టండి. రెండువందల పద్నాలుగు!"

ఆ అరుపు పైకప్పుకు తగిలి తిరిగి వచ్చింది. అమ్మ బయటికి వెళ్లింది. మెట్టు మీది గుడ్డను తీసింది. అయిదు నెలలకు తీసింది. కొళాయి కింద పెట్టి, అట్ట విడిపోయేదాకా నానబెట్టి తెచ్చి, ఫైబర్ బొమ్మ మీద పరిచింది. అరచెయ్యి ఆనించి నిలబడింది.

"తడిగుడ్డ పెడితే రాయి సల్లబడతాది సార్. ఇది సల్లబడలే. రెండువందల పద్నాలుగు లేదు."

"లేదు" అన్నాడు చిన్నబ్బ. "తల పక్క మోసింది నేనే. మీరు సెప్తేనే మోసినా."

"లేదు. కాళ్ల పక్క నేను" అన్నాడు సుబ్బన్న. మిగిలిన ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు అన్నారు. షబ్రీన్ కిటికీ దగ్గర్నుంచి లోపలికి పోయి నా డైరీని రిజిస్టరు మీద పెట్టింది.

"చిన్నపిల్ల నోటుబుక్కు రికార్డా?" అని సార్ దాన్ని నెట్టేశాడు. పుస్తకం కింద పడింది. గౌసియా అత్త తీసి దులిపి ఒళ్లో పెట్టుకుంది.

గంటలో జీపు వచ్చింది. దాని వెనక వ్యాను వచ్చింది. సర్కారు పనికి అడ్డం పడ్డారని ఆరుగురినీ ఎక్కమన్నారు. అమ్మ తడిగుడ్డతోనే ఎక్కింది. గౌసియా అత్తను ఎవరూ పిలవలేదు, తనే ఎక్కింది. షబ్రీన్ ఎక్కింది. నేనూ ఎక్కాను. ఈసారి గేటు పక్కన ఉండిపోలేదు. వ్యాను కదిలాక అమ్మ ఫోనుకు గ్రేసీ అక్క మెసేజి వచ్చింది. 'పెట్టెలు తెరిపిస్తాండాం. మూడోది ఖాళీ. ఏడోది ఖాళీ. ఇంకా తెరస్తాండాం.' సుబ్బన్న దాన్ని పైకి రెండుసార్లు చదివాడు.

స్టేషన్లో అందర్నీ గోడ వెంట నిలబెట్టారు. హెడ్ కానిస్టేబుల్ ఒక కాగితం తీసి కళ్లజోడు పెట్టుకున్నాడు.

"మోసినాం అని మీ నోటితో మీరే ఒప్పుకున్న్యారంట. అందుకని మిమ్మల్ని కూడా ఆ పాత కేసులోనే కలిపినారు. పేరు సదివితే పలకాల." కాగితం వైపు చూసి చదివాడు. "ఒకటి. ఫకృద్దీన్."

పాత కాగితంలో మొదటి పేరు అదే. దాన్ని కొట్టేయాలని ఎవరికీ తోచలేదు.

ఫ్యాను తిరుగుతోంది. అమ్మ చేతిలోని గుడ్డ నుంచి నీళ్లు గచ్చు మీద ఒక్కో చుక్కా పడుతున్నాయి. పిలుపు వచ్చింది, జవాబు చెప్పే మనిషి లేడు. నేను గోడ దగ్గర్నుంచి ఒక అడుగు ముందుకు వేశాను.

"ఉండాడు" అన్నాను.

అంత గట్టిగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు. షబ్రీన్ నా చెయ్యి పట్టుకుంది.

"ఉండాడు" అంది.

"ఉండాడు సార్" అన్నాడు చిన్నబ్బ. అమ్మ, సుబ్బన్న, మిగిలిన ముగ్గురు, గౌసియా అత్త, మా వెనకాలే వచ్చి స్టేషన్ గేటు బయట నిలబడ్డ ఊళ్ల ఆడవాళ్లు, అందరూ అన్నారు. "ఉండాడు!"

హెడ్ కానిస్టేబుల్ తలెత్తి గోడ వెంట ఒక్కొక్కరి ముఖం చూశాడు. మనుషుల్ని వేలితో లెక్కపెట్టాడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. రెండో పేరు చదవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.