నాలుగో నంబరు పిస్తోలు

పాత పోలీసు పిస్తోళ్ల సంతలో ఒక కట్టుబాటు ఉంది. బల్ల మీది సరుకు ఎవరి చేతిలో ఉంటే బేరం వాళ్లది. వాళ్లు దాన్ని కింద పెట్టేదాకా, లేదా ఇంకొకరి చేతికిచ్చేదాకా, పక్కనున్నవాళ్లు ధర అడగకూడదు. ఒహాయోలో ఈ మాట ఏ కాగితం మీదా రాసి లేదు. కానీ దీన్ని తప్పినవాణ్ణి ఆ ఏడాదంతా ఎవరూ కాఫీకి పిలవరు.

ఆ శనివారం పొద్దున ఎనిమిదింపావుకు, ప్రదర్శన మైదానంలోని రేకుల హాలులో, మెర్ల్ ప్రూయిట్ చేతిలో నాకు నాలుగో నంబరు కనిపించింది.

దాని సంగతి చెప్పాలి. 1927లో స్టిల్‌ఫోర్డ్ అనే చిన్న ఊరు తన పోలీసులకు ఆరు పిస్తోళ్లు కొన్నది. పిడి వెనక ఊరి పేరు, ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు చెక్కించింది. తర్వాత ఠాణా మూతపడి అవి తలోదిక్కూ పోయాయి. నేను పాత ట్రాక్టర్ల విడిభాగాలు అమ్ముకునే మనిషిని. వాటిలో ఐదింటిని పోగు చేయడానికి నాకు పంతొమ్మిదేళ్లు, ఒక మంచి డీజిల్ ఇంజను, ఒక భర్త ఖర్చయ్యారు. ఇంజను పోయినందుకు ఇప్పటికీ బాధే.

నాలుగోది మాత్రం దొరకలేదు. ఇప్పుడది ఎమ్మెట్ అనే పాత అమ్మకందారు బల్ల మీదికి వచ్చింది. ఎనభై ఏళ్ల ఎమ్మెట్ కుర్చీలో కూర్చుని డోనట్ తింటున్నాడు. నాకంటే ముందు మెర్ల్ వచ్చాడు, అంతే.

“ఏం లవోన్, అలా తెల్లబోయావేం? దయ్యాన్ని చూశావా?” అన్నాడు మెర్ల్.

“నిన్నే చూశాను. పొద్దున్నే.”

“నాలుగో నంబరు. నీ పెట్టెలో ఖాళీగా ఉన్న చోట చక్కగా పడుతుందనుకుంటా.”

“ఏం కావాలో చెప్పు.”

మెర్ల్‌కి స్టిల్‌ఫోర్డ్ పిస్తోళ్ల మీద మోజు లేదు. అతనికి కావలసింది వేరే ఉందని నాకు తెలుసు. మూడేళ్ల కిందట ఇదే హాలులో అతను ఒక గస్తీ పోలీసు పిస్తోలు అమ్మకానికి పెట్టాడు. దాని నీలిరంగు ఫ్యాక్టరీలో వేసింది కాదని, తర్వాత ఎవరో అరగదీసి మళ్లీ పూశారని నేను నలుగురిలో అనేశాను. దాన్ని ఎవరూ కొనలేదు. అప్పటినుంచి అతను నాతో ఎత్తిపొడుపుగా తప్ప మాట్లాడడు.

“పది డాలర్లు కూడా అడగను,” అన్నాడు మెర్ల్. “మెర్ల్ పిస్తోలు రంగు అసలుదే, నేనే పొరపాటు పడ్డానని చెప్పు. అదిగో, ఆ కాఫీ దగ్గరున్న వాళ్లకు కూడా వినపడాలి. చెప్పావా, దీన్ని కింద పెట్టేస్తా.”

నేను లెక్క వేసుకున్నాను. నా కొట్టులో ఉన్న సరుకంతటి కంటే నా నోటి మాటకే ఎక్కువ ధర. ఫలానాది అసలు రంగని లవోన్ అంటే జనం కళ్లు మూసుకుని కొంటారు. ఒక్కసారి అబద్ధమాడితే నా ఐదు పిస్తోళ్లూ అనుమానంలో పడతాయి. ఈ ఒక్కదాన్ని తెచ్చుకోవడానికి ఉన్న ఐదింటిని పోగొట్టుకునే బేరం అది.

“కుదరదు మెర్ల్. నీ పిస్తోలు మీది అక్షరాలు వాడేసిన సబ్బు బిళ్ల మీద పేరులా ఉన్నాయి. ఆ రంగు పూసిందే.”

“అయితే సరే. దీన్ని కొని మా బావమరిదికిస్తా. వాడు తళతళలాడేలా వెండి పూత పూయిస్తాడు.”

పాత పిస్తోలుకు కొత్త పూత వేస్తే దాని విలువ మట్టిలో కలిసినట్టే. పక్క బల్ల దగ్గర ఎవరికో కాఫీ గొంతుకు అడ్డం పడింది. ఎమ్మెట్ డోనట్ కింద పెట్టాడు.

“మెర్ల్, నా బల్ల దగ్గర బూతులు మాట్లాడకు,” అన్నాడు. “తొమ్మిదింటికి జనానికి తలుపులు తీస్తారు. ఆలోగా తేల్చండి.”

నేను వెనక్కి తిరిగాను. నాటకమేమీ కాదు. అక్కడ ఇంకో నిమిషం నిలబడితే మెర్ల్ చెప్పమన్న ముక్క అనేస్తానేమోనని భయం వేసింది. నాలుగడుగులు వేశానో లేదో వెనక నుంచి పిలుపు.

“అంత తెలిసినదానివైతే ఇది చెప్పు. దీని రంగు అసలుదా, పూసిందా? మూతి దగ్గర నాకేదో తేడాగా ఉంది.”

తిరిగి చూస్తే అతను పిస్తోలును నా వైపు చాపి నిలబడ్డాడు. ముఖంలో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని ఉంది పాపం. నాలాంటివాళ్లందరికీ ఉన్న రోగమే అది.

అందుకున్నాను. తూటాలుండే తిరుగుడు గదులు తెరిచి ఖాళీగా ఉన్నాయని చూసుకుని, కిటికీ వెలుతురుకు ఏటవాలుగా తిప్పాను. అక్షరాల అంచులు గోటికి తగులుతున్నాయి. మూతి దగ్గర రంగు పోయి గోధుమ వన్నె తేలింది.

“అసలుదే,” అన్నాను. “తోలు ఒరలో పెట్టీ తీసీ అరిగింది, అంతే. ఎమ్మెట్, ఎంత?”

మెర్ల్ చెయ్యి ఇంకా చాపే ఉంది. చూపు తన అరచేతి మీదికి, అక్కణ్ణుంచి నా మీదికి వచ్చింది.

“నేను చూడమని ఇచ్చాను.”

“ఇచ్చావుగా మరి,” అన్నాడు ఎమ్మెట్. “నలభై ఏళ్లుగా వస్తున్నావు. చూపించాలంటే పట్టుకునే చూపించాలని తెలీదా నీకు?”

కాఫీ దగ్గరున్న వాళ్లంతా నవ్వారు. ఎమ్మెట్ ధర చెప్పాడు. నా జీవితంలో మొదటిసారి బేరమాడకుండా ఇచ్చేశాను. ఎమ్మెట్‌కి అది నచ్చలేదు, తక్కువ చెప్పానేమోనని కాగితాలు రాస్తున్నంతసేపూ గొణిగాడు.

మెర్ల్ నా బల్ల దాకా వెంటే వచ్చాడు. అద్దాల పెట్టెలో మూడుకీ ఐదుకీ మధ్య నాలుగు పెట్టాను. ఆరూ ఒక్కచోట చేరాయి. అతను వంగి, ఒక్కొక్కటీ చూసుకుంటూ చివరిదాకా వెళ్లాడు.

“ఆరూ అసలువేనంటావు.”

“ఆరూ.”

“నాది కూడా అసలుదే.”

“మధ్యాహ్నం పట్టుకురా. ఇంకోసారి చూస్తాను. నాదే పొరపాటైతే బల్లెక్కి మరీ చెప్తా.”

మెర్ల్ నడుం ఎత్తి నిలబడ్డాడు.

“తెస్తా. చూపిస్తా కూడా,” అన్నాడు. “చేతికి మాత్రం ఇవ్వను.”