పెరుగు రాని బంతి

కలెక్టరాఫీసు మీటింగు హాల్లో విచారణ నివేదికని అరిటాకుల్లో వడ్డిస్తున్నారు. మొదటి బంతి ఆఫీసర్లది, రెండో బంతి జనానిది అని గుమ్మం దగ్గర బోర్డు పెట్టారు.

నూకరాజు ఒక ఆఫీసరు కుర్చీ వెనక నిలబడి, కుర్చీ వీపు మీద తన తువ్వాలు వేసి ఉంచాడు. పెళ్లిళ్లలో సీటు ఆపుకునే పద్ధతే. ఆటో తోలడం మానుకుని వచ్చాడు. అతని కూతురు వైశాలి, ఆమె స్నేహితురాలు, సంక్షేమ హాస్టల్లో వాంతులై చనిపోయారు. ఆ ఆదివారం వైశాలి తల్లి గున్నమ్మ ఇంటి నుంచి చేపల పులుసు పట్టుకెళ్లింది. పిల్లలిద్దరూ తిన్నారు. పులుసు వల్లేనని వార్డెను అంది. అవునో కాదో నివేదికలో ఉంది. నివేదిక ఆకుల్లో ఉంది.

అప్పట్నుంచీ గున్నమ్మ తన చేత్తో కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోవడం లేదు. పక్కింటివాళ్లు పెడితే తింటుంది.

పక్క కుర్చీ వెనక చిలకమ్మ నిలబడి ఉంది. పోయిన రెండో పిల్ల తల్లి ఆమే. నూకరాజుతో మాట్లాడదు. అతనికి వినపడేలా గోడతో మాట్లాడుతుంది.

"పులుసెట్టినోళ్లు కూడా బంతికొచ్చీసినారు," అని గోడకి చెబుతుంది. "సిగ్గు నేదు."

బకెట్లు వస్తున్నాయి. మొదట 'నేపథ్యం', ముద్దపప్పులా గట్టిగా ఉంది. అందరూ మారు వేయించుకుంటున్నారు. తర్వాత 'సిఫారసులు'. నేతితో ఓడుతున్నాయి. ఆఫీసర్లు వేళ్లు నాకుతున్నారు, మోచేతి దాకా కారినదాన్ని కూడా నాకుతున్నారు. నూకరాజు ముందున్న ఆఫీసరు మెడ మడతల్లో చెమట, చెమటలో ఒక మెతుకు. ఎవరైనా త్రేన్చినప్పుడల్లా హాలు ఒక గజం పొడుగవుతోంది. ఆ ఖాళీలో ఇంకో ఆఫీసరు ఆకేసుకుని కూర్చుంటున్నాడు.

"సార్, ఎప్పుడు లెగుస్తారు?" అని నూకరాజు అడుగుతాడు.

"పెరుగు రాకుండా ఎలా లేస్తామయ్యా?"

"పెరుగెప్పుడొస్తాది?"

"రాజధానిలో తోడు పెట్టారు. పాలు ఇంకా ఆలోచిస్తున్నాయి."

"సచ్చింది మా పిల్లలు గదా సార్. మాకు ముందు సూపించాల."

"పిల్లలు మీవాళ్లే. విచారణ మాది."

"పోనీ ఒక్క మాట సెప్పండి. అందులో సేపలున్నాయా?"

"నా నోట్లో ఉన్నది ఎంగిలి," అంటాడు ఆఫీసరు నమలడం ఆపకుండా. "జనానికి ఎంగిలి పెట్టడం తప్పు."

"మా గేదే నయం," అని చిలకమ్మ గోడతో అంటుంది. "నెమరేసుకోడానికైనా తినడం ఆపుతాది."

ఆఖరి బకెట్టు వస్తోంది. దాని మీద 'బాధ్యులు' అని రాసి ఉంది. లోపల నల్లగా ఉంది. అది దగ్గరికి రాగానే ప్రతి ఆఫీసరూ ఆకు మీదికి వంగి రెండు చేతులూ అడ్డం పెడుతున్నాడు. ఒకాయన కడుపు నిండిపోయిందంటాడు. ఒకాయన షుగరుందంటాడు. ఒకావిడ ఈ రోజు ఉపవాసమంటుంది, నోట్లో లడ్డూ ఉండగానే. బకెట్టు హాలు చివరిదాకా వెళ్లి, తొణక్కుండా తిరిగొస్తోంది.

"నాకెయ్యి బాబూ," అని నూకరాజు దోసిలి పడతాడు.

"ఆకేదీ?" అంటాడు వడ్డించే మనిషి.

"ఈ సారు లెగిస్తే వస్తాది."

"సారు లేచేసరికి ఇది ఉండదు. పారబొయ్యమన్నారు." అతనికి నిజంగానే జాలిగా ఉంది.

నూకరాజు బకెట్లో చెయ్యి ముంచి, వచ్చినంతా నోట్లో పెట్టుకుంటాడు. హాలంతా నమలడం ఆగుతుంది.

తుప్పు. పాచి. హాస్టలు నీళ్ల ట్యాంకు అడుగున చచ్చి ఊరిన ఎలుక. కక్కడు.

"తిన్నావు కదా, ఇక నువ్వూ మొదటి బంతివాడివే," అని ఆఫీసరు పక్కకి జరిగి చోటిస్తాడు. "మింగేసి కూర్చో."

నూకరాజు మింగడు. చిలకమ్మ వైపు తిరిగి నోరు తెరుస్తాడు.

చిలకమ్మ గోడని వదిలి అతన్ని చూస్తుంది. రెండు వేళ్లు అతని నోట్లో పెట్టి, ఇంత తీసుకుని, తన నాలుక మీద రాసుకుంటుంది. ముఖం ముడుచుకుపోతుంది. అయినా చాలాసేపు చప్పరిస్తుంది.

"సింతపండు నేదు," అంటుంది. ఈసారి అతనితోనే, "సేప వోసనే నేదు, అన్నయ్యా."

అందరికీ చూపిద్దామని నాలుక బయట పెడుతుంది. నల్లగా ఉంది. అది అక్కడ ఆగదు. గడ్డం దాటి, కొంగు దాటి, నేల మీదికి దిగి, బల్లల కింద ఆఫీసర్ల చెప్పుల మధ్య నుంచి గుమ్మం వైపు సాగుతుంది. మెట్లు దిగుతుంది. బస్టాండు దగ్గర మలుపు తిరిగి, గున్నమ్మ ఉండే వీధిలోకి తడితడిగా పోతోంది.

నూకరాజు దాని ముందు నడుస్తూ, దారికి అడ్డంగా ఉన్న సైకిళ్లు పక్కకి జరుపుతున్నాడు. నోట్లోది ఇంకా మింగలేదు కాబట్టి, తొక్కొద్దని అందరికీ చేత్తోనే చెబుతున్నాడు.